వదిన చేతులు

మొన్న ఆదివారం పొద్దున మా అన్నయ్య కూతురి పెద్దకొడుకు, పాత దుప్పటిలో చుట్టిన పటం ఒకటి ఆటోలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆటోనగర్‌లో లారీ విడిభాగాల కొట్టు వాడిది. ఆదివారం తప్ప ఊపిరి సలపని మనిషి. వాళ్ళమ్మ పోయి పదకొండు నెలలయింది. సంవత్సరీకం నాటికి గోడకి పెట్టుకోవడానికి మంచి ఫోటో కోసం ఇల్లంతా వెతికారట గానీ, పెళ్ళిళ్ళలో గుంపు వెనకాల నిలబడినవీ, రేషన్ కార్డు కోసం కళ్ళు చిట్లించుకుని దిగినవీ తప్ప ఆమెని ఆమెలా చూపించేది ఒక్కటీ దొరకలేదట. అప్పుడు వాడి భార్యకి, అత్తగారు యాభై ఏళ్ళుగా దేవుడి గదిలో బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటూ వచ్చిన ఈ పటం గుర్తుకొచ్చిందట.

"ఇది అమ్మమ్మ బొమ్మని అమ్మ అనేదండీ తాతగారూ, మీరే వేశారంట గదా. కానీ ఎవరు చూసినా మా అమ్మే అంటున్నారండి. మొహం అచ్చు అమ్మే. చేతులే అమ్మవి కావు. అయినా ఫర్వాలేదులెండి, స్టూడియో అతను మెడ దాకా ఫోటో తీసి పెద్దది చేసిస్తానన్నాడు," అని, పటం మీద దుమ్ము దులిపి, రంగు ఎక్కడైనా లేచిపోతే సరిచేసి ఉంచమని చెప్పాడు.

మొహం ఎందుకు అలా ఉందో, చేతులు ఎందుకు వేరుగా ఉన్నాయో చెప్పగలిగినవాణ్ణి ఇప్పుడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. చెప్పలేదు. కాఫీ తాగి వెళ్ళమన్నాను, తాగి వెళ్ళాడు. ఎనభై దాటిన మనిషి ఒక సంగతిని ఇంకా ఎన్నాళ్ళు దాచుకుంటాడు, ఎవరికోసం దాచుకుంటాడు అనిపించి, నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలుంటే వాళ్ళకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

నన్ను చాలామంది బొమ్మలేసే రైల్వే ఆయన అంటారు. రైల్వేలో నేను పెద్ద ఉద్యోగమేమీ చెయ్యలేదు. బెజవాడ యార్డులో నంబర్ టేకర్ని. అంటే, గూడ్సు బండి వచ్చి ఆగగానే పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఇంజను దగ్గర మొదలుపెట్టి గార్డు పెట్టె దాకా నడుస్తూ, ప్రతి వ్యాగన్ మీదా ఉన్న నంబరు రాసుకుని ఆఫీసులో ఇవ్వడం. మళ్ళీ ఇంకో బండి, మళ్ళీ నడక. ఎండలో రాళ్ళు చెప్పుల్లోంచి కాలేవి, వానలో పుస్తకం చొక్కా లోపల దాచుకోవాల్సి వచ్చేది. ముప్ఫై ఎనిమిదేళ్ళు అదే పని. బొమ్మలు ఈ ఉద్యోగానికి పక్కన, రెండు షిఫ్టుల మధ్య, సెలవు రోజుల్లో, చిత్తు ఫారాల వెనకవైపు బతికాయి. ఉద్యోగం వదిలేసి బొమ్మలే వేసుకోరాదా అని కుర్రతనంలో నన్ను ఎగదోసినవాళ్ళు లేకపోలేదు గానీ, నన్ను పెంచినవాళ్ళు అన్నం ఎలా సంపాదించారో చూసినవాణ్ణి కాబట్టి ఆ ధైర్యం నాకు ఎప్పుడూ చాలలేదు.

మాది పామర్రుకి కోసెడు దూరంలో ఒక నేతగాళ్ళ పల్లె. అమ్మానాన్నా నాకు ఊహ తెలిసీ తెలియకముందే వెళ్ళిపోయారు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దయిన అన్నయ్య మగ్గం గుంటలో దిగి నన్ను పెంచాడు. నాకు ఎనిమిదో ఏట వదిన కాపురానికి వచ్చింది. అప్పటికి ఆమెకి పధ్నాలుగు. మరిది అంటే ఇంత పొడుగుంటాడనుకుని వస్తే ముక్కు కారుతూ ఒక పిల్లవాడు కనబడ్డాడని జీవితాంతం నవ్వేది. నాకు జ్వరం వస్తే నుదుటి మీద పెట్టిన చెయ్యి ఆమెదే, దొంగతనంగా మామిడికాయలు కోస్తే వీపు మీద పడిన చెయ్యీ ఆమెదే. తల్లి చెయ్యి ఎలా ఉంటుందో నాకు వేరే తెలియదు.

ఆ చేతుల గురించి చెప్పాలి. పొద్దస్తమానం రాట్నం ముందు కూర్చుని, అన్నయ్య మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెకి కావలసిన నూలు కండెలు చుట్టేది. ఎడమచేతి చూపుడువేలు మీదుగా నూలు జారి జారి అక్కడ ఒక గాడి పడింది. గోళ్ళ చుట్టూ ఎన్నిసార్లు కడిగినా పోని నీలిరంగు. గంజి వార్చేటప్పుడు కాలిన మచ్చ ఒకటి కుడి మణికట్టు మీద, చింతగింజంత ఉండేది. పొడుగు వేళ్ళు కావు, సన్నని వేళ్ళు కావు. కానీ తెగిన పోగుని పట్టుకుని ముడి వేసేటప్పుడు ఆ వేళ్ళ కదలిక చూస్తే ఇంక చూపు తిప్పుకోబుద్ధి కాదు. నేను మొట్టమొదట బొగ్గుముక్కతో అరుగు మీద గీసిన బొమ్మ ఆ చేతులదే.

గోడలన్నీ పాడుచేస్తున్నానని అన్నయ్య కోప్పడితే, పోనీలెద్దురూ సున్నం కొడితే పోతుంది అని వెనకేసుకొచ్చేది. బడిలో పంతులుగారు నా పుస్తకాల్లో ఎక్కాల కంటే ఎడ్లబండ్లు ఎక్కువ ఉన్నాయని కబురు పెడితే, బండి బాగా వేశాడా లేదా అని అడిగి పంపించింది. అలాంటి మనిషి తన మొహం మాత్రం గీయనిచ్చేది కాదు. ఆ రోజుల్లో మావైపు అందరికీ ఉన్న నమ్మకమే. బతికున్న మనిషి మొహం కాగితం మీదికి ఎక్కితే ఆయుష్షు కాగితంలోకి దిగిపోతుందని, పామర్రు సంతలో ఫోటోలు తీసే ఆయన పెట్టె ఎదటినుంచి ఆడవాళ్ళు చెంగు అడ్డం పెట్టుకుని పోయేవాళ్ళు. నాకు పదిహేనేళ్ళప్పుడు వదిన చూడకుండా తలుపుచాటునుంచి ఆమె మొహం గీశాను. సగం కూడా కాకుండానే పట్టుకుంది. కాగితం లాక్కుని పొయ్యిలో పెట్టి, అది కాలిపోయిందాకా చూసి, అదే పొయ్యి మీద వండిన అన్నం నాకు వడ్డించింది.

"చేతులు గీసుకో, కాళ్ళు గీసుకో, నీ ఇష్టం అబ్బాయ్. మొహం జోలికి మాత్రం రామాక. కడుపులో బిడ్డుంది," అంది. తరువాత కోపం పోయాక, "నీకు ఉద్యోగం రానీ. అప్పుడు కూచుంటాలే. ఉద్యోగస్తుడు గీస్తే ఏం కాదేమో," అని తనే నవ్వింది. ఆ కడుపులో బిడ్డే, మొన్న పదకొండు నెలల కిందట పోయిన మా పాప.

యుద్ధం మొదలై రైళ్ళు పెరిగాయి, మనుషులు కావాల్సి వచ్చారు, స్కూలు ఫైనలు ప్యాసైన నాకు యార్డులో ఉద్యోగం వచ్చింది. బెజవాడలో నాకు రెండూ ఒకేసారి దొరికాయి: ఆ ఉద్యోగం ఒకటి, వన్‌టౌన్‌లో నాటకాల తెరలూ కొట్ల బోర్డులూ రాసే మేస్త్రిగారు ఒకరు. మేస్త్రిగారు నోటినిండా జర్దా వేసుకుని, తిడుతూ నేర్పేవారు. అవిసెనూనెలో రంగు ఎలా నూరాలో, బట్టకి అడుగున వేసే తెల్లపూత సఫేదా ఎంత పలచగా పుయ్యాలో, మనిషి చర్మంలో ఆకుపచ్చ కూడా ఉంటుందని ఎలా గుర్తుపట్టాలో అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కొత్త పద్ధతుల్లో వేసే బొమ్మలన్నిటినీ ఆయన మెచ్చుకునేవారు గానీ నాకు మాత్రం ఉన్నది ఉన్నట్టు వెయ్యడం తప్ప ఇంకేదీ మనసుకి ఎక్కలేదు. చూసినదాన్ని చూసినట్టు నిలబెట్టగలిగితే చాలు, అంతకంటే గొప్ప విద్య లేదనుకున్నాను. ఆ గర్వం నాకు చాలాకాలం ఉండేది.

ఉద్యోగంలో చేరాక మొదటి సెలవుకి ఊరెళ్ళాను. గుడివాడ దాకా రైలు, అక్కడినుంచి పామర్రుకి బొగ్గుతో నడిచే బస్సు, పామర్రు నుంచి పంటకాలవ గట్టు మీద నడక. సంచిలో మంచి కాగితాలు, మెత్తని పెన్సిళ్ళు పెట్టుకుని వెళ్ళాను. తీరా వెళ్ళేసరికి వీధిలో పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువుపోగులు, సాచి ఉంది. పడుగుకి గంజి పట్టించి, అది ఆరిపోయేలోపు కుంచెలతో దువ్వి పోగుకి పోగు విడదీయాలి. ఒకసారి మొదలుపెడితే మధ్యలో వదలడానికి లేదు. వీధి వీధంతా ఆ పని మీద ఉంది. వదిన చీర ఎగ్గట్టి, మోచేతుల దాకా గంజితో, నన్ను చూసి దూరం నుంచే నవ్వింది. మధ్యాహ్నం తిరిగాక గానీ ఆమెకి తీరిక కాలేదు. నీడలో కూర్చుని మళ్ళీ రాట్నం ముందుకి లాక్కుంది. ఇప్పుడు కూచో వదినా అంటే, ఒళ్ళంతా గంజి వాసన కొడుతుంటే బొమ్మేంటి, ఈసారి వచ్చినప్పుడు తలంటుకుని ఉతికిన చీర కట్టుకుని కూచుంటాలే అంది. బస్సు వేళయిపోతోంది. సరేలే అని, ఉన్న కాసేపట్లో కండె చుడుతున్న ఆ చేతులు రెండూ ఒక కాగితం మీద గీసుకుని లేచాను. ఈసారి అనేది మనిషి చేతిలో ఉన్నట్టే అనుకునే వయసు నాది.

నాలుగు నెలలు తిరక్కుండానే ఆ వానాకాలంలో ఆమెకి విషజ్వరం వచ్చింది. నాకు తంతి అందేసరికి నేను లైను మీద ఉన్నాను. ఆ బండి నంబర్లు రాయడం పూర్తిచేసి, పుస్తకం ఆఫీసులో ఇచ్చి అప్పుడు బయల్దేరాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నేను వెళ్ళేసరికి పట్టపగలు పన్నెండు గంటలు, వదిన వాకిట్లో ఉంది. ఆమెకి ఇరవై అయిదేళ్ళు. మొహం గీయనివ్వకపోయినా ఆయుష్షు నిలవలేదు. పాపకి అయిదో ఏడు నడుస్తోంది. పక్కింటివాళ్ళు ఎత్తుకుని ఎటో తీసుకుపోయారు.

అన్నయ్య ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని ఆమె తలదగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. "ఒరే, నువ్వు బొమ్మలేసేవాడివి గదా. తీసుకెళ్ళేలోపు చూడరా. బాగా చూడు. పిల్లకి తల్లి మొహం గుర్తుండదు. ఇంక నీ కళ్ళే దిక్కు," అన్నాడు.

చుట్టూ పెద్దలు తొందరపడుతున్నారు. పాడె కట్టడం అయిపోయింది. నేను సంచిలోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని, జీవితంలో మొట్టమొదటిసారి వదిన మొహంలోకి ఎవరి అడ్డూ లేకుండా చూశాను. ఎవరో ఆడమనిషి ఇదేం చోద్యమమ్మా అంది. ఇంకెవరో ఊరుకోమన్నారు. కళ్ళల్లో నీళ్ళు నిండితే గీత కనబడదు; గీత కనబడాలంటే ఏడుపు ఆపుకోవాలి. ఆపుకున్నాను. లోపలికి పోయిన బుగ్గలు, పగిలిన పెదవులు, కుడి కనుబొమ చివర చిన్న తెగుడు, అన్నీ గీశాను. మరిది ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదని ఊళ్ళో చాలారోజులు చెప్పుకున్నారట.

ఆ పెన్సిలు బొమ్మ పట్టుకుని రంగుల బొమ్మ వెయ్యడానికి కూర్చుంటే దానికి బట్ట కావాల్సి వచ్చింది. యుద్ధం రోజులు, పటాలకి వాడే కాన్వాసు దొరికే దారి లేదు. అన్నయ్య, నేను నేస్తానన్నాడు. నూలు దొరక్క సగం మగ్గాలు పడుకుని ఉన్న కాలంలో ఎక్కడినుంచి తెచ్చాడో తెచ్చాడు, వదిన చివరిసారి చుట్టిపెట్టిన కండెలు బుట్టలో ఉంటే అవే నాడెలో పెట్టి గజమున్నర గట్టిబట్ట నేశాడు. బట్ట మీద నూనెరంగు నిలవాలంటే ముందు దానికి జిగురు పట్టించాలి. వడ్రంగులు వాడే వజ్రం, అంటే పశువుల తోళ్ళు ఉడికించి తీసే జిగురు, అదే పెట్టాలని మేస్త్రిగారు చెప్పి పంపించారు. మా ఇంట్లో నీచు ముట్టరు. ఆ జిగురు మూటని వాసన చూడగానే అన్నయ్య మొహం మారిపోయింది.

"చచ్చిన గొడ్డు తోలు ఉడకేసిన దాని మీద మీ వదిన మొహం పెడతావంట్రా? వద్దురా. మన బట్టకి మనం గంజి పెట్టుకుందాం. తరాలనుంచీ పెట్టట్లా?" అన్నాడు.

బెజవాడ వెళ్ళి మేస్త్రిగారిని అడిగాను. "గంజా? గంజంటే పురుగుకి విస్తరేసి పిలిచినట్టేనయ్యా. నాలుగు వానాకాలాలు ఆగితే నీ అదృష్టం," అన్నారు. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. అన్నయ్యకి ఎదురుచెప్పడం మాత్రం చేతకాలేదు. భార్య పోయినవాడు, ఆమె చుట్టిన నూలుతో బట్ట నేసి, తన చేత్తో గంజి కాచి, పడుగుకి పట్టించినట్టే వీధిలో నాలుగు మేకుల మధ్య సాచి, కుంచెతో దువ్వుతుంటే, అన్నా ఇది పనికిరాదు అని ఎలా అంటాను? నేత నేసేవాళ్ళం, ఏ బట్టకైనా బలం గంజిలోనే ఉందని పుట్టినప్పటినుంచీ నమ్మినవాళ్ళం. సఫేదా దళసరిగా పూస్తే సరిపోతుందిలే అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

ఆర్నెల్లు పట్టింది. వారానికి ఒక సెలవురోజు, రాకపోకలు పోను నాలుగైదు గంటలు. చచ్చిపోయిన మొహంలోంచి బతికున్న మొహాన్ని వెనక్కి లాక్కురావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. బుగ్గలు నింపాను, కళ్ళు తెరిచాను. కళ్ళు తెరిచిన రోజు నాకే భయమేసింది. ఒడిలో కండె పట్టుకున్న చేతులు వేశాను. నేను వెళ్ళినప్పుడల్లా అన్నయ్య మగ్గం గుంటలోంచి తలెత్తి చూసి మళ్ళీ నేతలో పడేవాడు. పూర్తయిన రోజు పాపని ఎత్తుకుని తెచ్చి పటం ఎదట దించాడు. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, నేరుగా నడిచి వెళ్ళి పటంలోని చీర కుచ్చెళ్ళ మీద మొహం ఆనించి అమ్మా అంది. ఆ రోజు ఏడ్చాడు అన్నయ్య, గుంట గట్టు మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా. నేను వేసినవాటిలో నిజమైన బొమ్మ అదొక్కటే.

పెన్సిలు బొమ్మని ఇంట్లో ఉంచకూడదన్నారు పెద్దలు. పీనుగు మొహం పిల్ల ఉన్న ఇంట్లో ఎందుకు అన్నారు. నాకూ సరేననిపించింది, రంగుల బొమ్మ ఉంది కదా అని. పంటకాలవలో వదిలేశాను.

వదిన పటం చూసినవాళ్ళ వల్ల నాకు పేరొచ్చింది. చుట్టుపక్కల పల్లెలనుంచి, బెజవాడలోనూ, ఫోటోలు లేకుండా పోయినవాళ్ళ బొమ్మలు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు. కాస్త తెల్లగా వెయ్యండి అనేవాళ్ళు, మెళ్ళో గొలుసు పెట్టండి, పాపం జీవితమంతా దానికోసం కలవరించింది అనేవాళ్ళు. లేని గొలుసు పెట్టనని తెగేసి చెప్పేవాణ్ణి. బియ్యం వర్తకుడు ఒకాయన తన తండ్రి మొహం మీద మశూచి మచ్చలు తీసెయ్యమన్నాడు. అవి తీసేస్తే మీ నాన్నగారు కాదండీ అన్నాను. ఆయన కోపగించి పటం వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ తండ్రి చాలాకాలం నా గదిలోనే మేకుకి వేలాడుతూ, నేను అన్నం తింటుంటే చూస్తూ ఉండేవాడు. వచ్చినవాళ్ళు మీ నాన్నగారా అని అడిగితే కాదని చెప్పలేక చచ్చేవాణ్ణి.

మేస్త్రిగారు నాలుగు వానాకాలాలన్నారు గానీ అయిదు ఆగింది. మగ్గం ఉన్న ఇల్లు చెమ్మగా ఉంటుంది, నూలు తెగకుండా ఉండాలంటే ఆ చెమ్మ ఉండాలి. ఒక సెలవుకి వెళ్ళేసరికి పటం గోడ మీద లేదు. అడిగితే అన్నయ్య మాట దాటేశాడు. నేను వదలకపోతే అటక మీదనుంచి చాపలో చుట్టినదాన్ని తీసి విప్పాడు. బొద్దింకలు వెనకనుంచి గంజిని తినుకుంటూ వచ్చాయి. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. చీర అంచు ఉంది, రాట్నం చక్రం సగం ఉంది. మొహం ఉన్నచోట చిల్లులుపడ్డ బట్ట, దాని మీద బూజు. పాపకి తెలియకుండా, బాగుచేయించడానికి బెజవాడ పంపానని చెప్పాడట.

"నీ తప్పేం లేదురా. గంజి నేనే గదా పెట్టింది," అన్నాడు అన్నయ్య. ఆ మాట కంటే నన్ను నాలుగు తన్ని ఉంటే బాగుండేది. తెలిసి ఊరుకున్నవాణ్ణి నేను. ఆయనకి తెలియదు.

మళ్ళీ వేస్తాను అన్నాను. ఇదిగో అదిగో అంటూ మూడేళ్ళు గడిపేశాను. అసలు సంగతి, భయం. చివరికి యాభయ్యో సంవత్సరం ప్రాంతంలో పాపకి పధ్నాలుగో ఏట పెళ్ళి కుదిరింది. తల్లి పటం అత్తారింటికి పట్టుకెళ్తానంది ఆ పిల్ల. తనకి కావలసిన సారె అదొక్కటే అంది. ఇంక తప్పించుకోవడానికి లేకపోయింది. ఈసారి అన్నయ్యని అడక్కుండా వజ్రం పెట్టిన బట్ట మేస్త్రిగారి దగ్గర సిద్ధం చేయించుకుని, నెల రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళాను. పాతది బాగుపడలేదు, అలాంటిదే మళ్ళీ వేస్తున్నానని పాపకి చెప్పాను.

చేతులు రెండు రోజుల్లో వచ్చాయి. మొదటి సెలవుకి నీడలో కూర్చుని గీసుకున్న కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. చూపుడువేలి గాడి, గోళ్ళ నీలం, మణికట్టు మచ్చ, అన్నీ ఉన్నది ఉన్నట్టు దిగాయి. ఆ తరువాత మొహం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. కళ్ళు మూసుకుంటే వదిన రావడం లేదు. నేను వేసిన పటం వస్తోంది, అదీ పెచ్చులు లేచిన పటం. పొద్దున్న చూసిన గూడ్సులో నలభై వ్యాగన్ల నంబర్లు సాయంత్రానికి వరసగా అప్పజెప్పగల బుర్ర నాది. పదకొండేళ్ళు ఎదురుగా తిరిగిన మొహం దాంట్లో లేదు. ఊళ్ళో అడిగాను. ఒకరు కోలమొహం అన్నారు, ఒకరు గుండ్రటిది అన్నారు. అన్నయ్యని అడిగితే, "నవ్వు మొహంరా," అని మళ్ళీ నాడె అందుకున్నాడు.

పెళ్ళి దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం పాప ద్వారబంధానికి ఆనుకుని కూర్చుని కండె చుడుతోంది. వెలుతురు ఒక బుగ్గ మీద పడుతోంది. కాసేపు కదలకుండా కూచోమ్మా అన్నాను. వెలుగు ఎలా పడుతుందో చూసుకోవడానికే అన్నాను, ఆ క్షణంలో నేనూ అలాగే అనుకున్నాను. మూడు రోజుల్లో ఆ పధ్నాలుగేళ్ళ మొహానికి పదకొండేళ్ళు వయసు పోసి, కళ్ళకింద కాస్త నీడ, పెదవుల దగ్గర కాస్త అలసట కలిపి, తల్లిని చేశాను. లేని గొలుసు పెట్టనన్నవాణ్ణి, లేని మొహం పెట్టాను.

ఊళ్ళోవాళ్ళందరూ వచ్చి చూసి, అచ్చం ఆ తల్లే అన్నారు. నిన్నటిదాకా కోలమొహం అన్నవాళ్ళూ, గుండ్రటి మొహం అన్నవాళ్ళూ అందరూ అన్నారు. పాప పటం పట్టుకుని, "బాబాయ్, అమ్మ నాలాగే ఉంది చూడు!" అని పొంగిపోయింది. అందరూ వెళ్ళాక అన్నయ్య దగ్గరికి వచ్చి చూశాడు. చేతుల దగ్గర ఆయన చూపు ఆగింది. మొహం మీదికి వెళ్ళింది, మళ్ళీ చేతుల దగ్గరికే వచ్చింది. "బాగుందిరా," అన్నాడు. ఇంకోసారి ఆ పటం వైపు ఆయన చూడగా నేను చూడలేదు. పాడైపోయిన పాత బట్టని మాత్రం దగ్గరే ఉంచుకున్నాడు. చాలా ఏళ్ళ తరువాత ఆయన పోయినప్పుడు, ముందే చెప్పి ఉంచిన ప్రకారం దాన్ని ఆయనతోపాటు చితి మీద పెట్టాం.

ఆ తరువాత నేను మనిషి మొహం వెయ్యలేదు. కాలవలు, మగ్గాలు, వానలో తడుస్తున్న వ్యాగన్లు, బందరు కాలవలో పడవల తెరచాపలు, ఇవే వేశాను. ఏమండీ మనుషులు ఉండరేం మీ బొమ్మల్లో అని అడిగితే మొహాలు నాకు రావండీ అనేవాణ్ణి. వినయం అనుకునేవాళ్ళు.

పాపకి ఒకసారి చెప్పేద్దామనుకున్నాను. ఆమెకి పాతికేళ్ళు నిండిన ఏడాది బెజవాడలో మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరికి వెళ్ళి చూశాను. నేను ఊహించి రంగుల్లో పోసిన వయసు, ఆ నీడా ఆ అలసటా, అలాగే తెచ్చుకుని నిలబడింది. నేను నోరు తెరిచేలోపే, "అమ్మని పోగొట్టుకున్నానని నాకు అనిపించదు బాబాయ్. అద్దంలో చూసుకుంటే చాలు, అమ్మే. నీ చలవే అది," అంది. లోపలికి రామ్మా, భోంచేద్దువుగాని అన్నాను. అరవై ఏళ్ళు దాటేదాకా ఆ పిల్ల తన మొహానికి తనే పూలు పెట్టుకుంది, తన మొహానికి తనే దణ్ణం పెట్టుకుంది, నా వల్ల.

ఇది రాస్తుండగానే మనవడు మనిషిని పంపి, నేను దుమ్ము దులిపి ఉంచిన పటాన్ని స్టూడియోకి తెప్పించుకున్నాడు. నిన్న మళ్ళీ ఆదివారం, పటంతో సహా వచ్చాడు. స్టూడియో అతను చేసిచ్చిన పెద్ద ఫోటో చూపించాడు. మెడ దాకా ఉంది. వెనక ఆకాశంలాంటి నీలం రంగు వేశారు. మెళ్ళో గొలుసు కూడా పెట్టారు, కంప్యూటర్లో రెండు నిమిషాల పనటండీ అని మురిసిపోయాడు. చాలా బాగుందిరా అన్నాను. నిజంగానే బాగుంది. యాభై ఏళ్ళకి పైగా అబద్ధంగా ఉన్న ఆ మొహం ఇప్పుడు తన సొంత మనిషి పేరు మీద, సొంత కొడుకు ఇంట్లో వేలాడబోతోంది. పాత పటం పెట్టుకోవడానికి వాళ్ళ అపార్టుమెంటులో చోటు లేదట, మీ దగ్గరే ఉంచుకోండి తాతగారూ అని వదిలేసి వెళ్ళాడు.

ఇప్పుడు పుట్టిన ప్రతి బిడ్డకీ నెల తిరక్కుండానే వంద ఫోటోలు. పురుటి మంచం మీదనుంచి మొదలుపెట్టి ఎవరి మొహమూ ఎక్కడా తప్పిపోయే వీలు లేదు. మంచిదే. అసూయ కూడా కలుగుతుంది. ఒకే ఒక్క మొహాన్ని ఇంటిల్లిపాదీ పంచుకుని, అది పోతే మనసులో వెతుక్కుని, దొరక్కపోతే దొంగతనం చేసైనా తెచ్చుకోవాల్సిన అవసరం ఇప్పటివాళ్ళకెవరికీ రాదు. మా వదిన మొహం మాత్రం ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. కాగితం మీద లేదు, బట్ట మీద లేదు, ఆమెని చూసినవాళ్ళలో మిగిలిన నా బుర్రలోనూ లేదు.

ఆ పటాన్ని నా మంచానికి ఎదురుగా కుర్చీలో పెట్టుకున్నాను. పొద్దున్నే వెలుతురు బాగా ఉన్నప్పుడు లేచి వెళ్ళి, నా తువ్వాలు మడతపెట్టి పటంలోని మొహం మీద కప్పుతాను. అప్పుడు కూర్చుని చూస్తాను. చూపుడువేలి మీద గాడి, గోళ్ళ చుట్టూ నీలం, మణికట్టు మీద చింతగింజంత మచ్చ. వదిన కండె చుడుతూ ఉంటుంది.